ఇంటి దగ్గర చదువుకునే పిల్లలకు ఉచిత ఆన్‌లైన్ వనరులు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతం

బడి అయ్యాక, బడి మూసిన రోజుల్లో, కొందరి విషయంలో బడికి బదులుగా, ఇంటి దగ్గర చదువుకునే పిల్లలకు రుసుము లేకుండా ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలు, కథలు, ప్రయోగాలు, నిఘంటువులు ఈ వ్యాస విషయం. వాటిలో ఏవి ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల ఇళ్లకు పనికొస్తాయో, ఏవి కొల్లేటి లంక గ్రామాల ఇళ్లదాకా చేరతాయో ముఖ్యంగా చూడాలి. పాఠం బాగుంటే సరిపోదు. అది తెలుగులో ఉండాలి, ఒకసారి దించుకున్నాక నెట్ లేకపోయినా నడవాలి, దాన్ని పెట్టినవాళ్లు తప్పుకున్నా పిల్లల చేతిలో మిగలాలి. ఈ ప్రాంతంలో వనరు విలువ వీటితోనే తేలుతుంది.

ఏలూరు 2022 ఏప్రిల్ 4 వరకు పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం. ఆ రోజు జరిగిన పునర్విభజనతో వేరే జిల్లా అయింది. కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు, మండవల్లి, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం, ఆకివీడు భీమవరం కేంద్రంగా మిగిలిన పశ్చిమ గోదావరిలో ఉండిపోయాయి. ఈ చుట్టుపక్కల పెద్ద చదువుల సంస్థలకు కొదవ లేదు. తాడేపల్లిగూడెంలో 2015లో నిట్ వచ్చింది. దగ్గర్లోని వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. నూజివీడులో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అందరూ పిలిచే పేరుతో చెప్పాలంటే ట్రిపుల్ ఐటీ, 2008 నుంచి నడుస్తోంది.

వీటికి దిగువన కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో మురుగు కాలువలు వచ్చి కలుస్తాయి. నీరు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు. ఎగువన వాన గట్టిగా పడితే లంకల దారులు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు తర్వాత చేరింది కొల్లేటికే. అప్పుడు కొన్ని లంక గ్రామాలకు పడవ తప్ప వేరే దారి లేకపోయింది. ఇక్కడి పిల్లలకు ఇంటి చదువు కరోనాతో మొదలైనదీ కాదు, కరోనాతో పోయినదీ కాదు. వరద వచ్చిన ప్రతిసారీ అది అవసరమే.

రేడియో నుంచి ట్రిపుల్ ఐటీ దాకా

దూరం నుంచి ఉచితంగా పాఠం అందించడం తెలుగువారికి కొత్త కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి పిల్లల కార్యక్రమాలతో తరాలను పెంచారు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాక ఈ డెల్టా ఇళ్లకు దగ్గరి గొంతు దొరికింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. బడి పిల్లల కోసం తెలుగు కార్యక్రమాలు అందులో భాగం. ఉమ్మడి రాష్ట్రంలో ఉపగ్రహం మీద నడిచిన మన టీవీ ఆ దారిలోనిదే. విభజన తర్వాత తెలంగాణలో అది 2017లో టీ-శాట్ అయింది. టీ-శాట్ పాఠాలు యూట్యూబులోనూ దొరుకుతాయి కాబట్టి ఏలూరు పిల్లలూ చూడొచ్చు. సిలబస్ తేడా ఒక్కటి చూసుకుంటే చాలు.

ఇక్కడ నూజివీడును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పదో తరగతి మార్కుల మీద పల్లెటూరి పిల్లలను చేర్చుకుని, ప్రతి ఒక్కరి చేతికీ ల్యాప్‌టాప్ ఇచ్చి, కంప్యూటర్ మీద పాఠాలు చెప్పే పద్ధతితో ఆ సంస్థ మొదలైంది. తొలి చాన్సలర్ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధ పరిశోధనకు 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న శాస్త్రవేత్త. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా పెట్టాలన్న ప్రయత్నానికి ముందు నిలిచిందీ ఆయనే. దాని భారతీయ శాఖ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. అందులో స్కాన్ అయిన పాత తెలుగు పుస్తకాలు ఎన్నో ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవులో చదవడానికి దొరుకుతున్నాయి. ఉచిత ఆన్‌లైన్ చదువుకు తెలుగు నేల మీద ఇంతకన్నా బలమైన మూలం లేదు.

బడులు మూసిన కాలం

2020 మార్చిలో కరోనాతో రాష్ట్రంలో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. 9, 10 తరగతులు నవంబరు 2న తెరిచారు. రెండో ఉధృతితో 2021 ఏప్రిల్‌లో మళ్లీ మూసి, ఆగస్టు 16న తెరిచారు. ఆ మధ్యకాలంలో దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యామృతం’ పేరుతో, ఆకాశవాణిలో ‘విద్యా కలశం’ పేరుతో పాఠాలు వచ్చాయి. ఉపాధ్యాయులు వాట్సాప్ గుంపుల్లో హోంవర్కు పంపారు. యునెస్కో లెక్క ప్రకారం 2020 ఏప్రిల్ నాటికి ప్రపంచమంతటా 150 కోట్లమందికి పైగా విద్యార్థులు బడికి దూరమయ్యారు. టీవీ, రేడియోలను పాతబడినవని పక్కన పెట్టకూడదని ఆ రెండేళ్లు తేల్చాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రి వెంట వెళ్లిపోయినప్పుడు పిల్లల దగ్గర మిగిలేవి అవే.

దీక్ష

ఈ ప్రాంతపు బడి పిల్లలకు అన్నిటికన్నా దగ్గరి వనరు దీక్ష అనే ప్రభుత్వ యాప్. 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దీన్ని ప్రారంభించారు. పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన నలుపు తెలుపు చదరపు గుర్తు ఉంటుంది. దాన్ని దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికే సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి. పిల్లవాడు ఏ పదంతో వెతకాలో తెలుసుకోనక్కర్లేదు, పేజీయే దారి చూపుతుంది. ఫోను కెమెరా పాడైతే గుర్తు కింద ఆరు అక్షరాల, అంకెల కోడ్ ఉంటుంది. దాన్ని టైపు చేసినా అదే పాఠం వస్తుంది. చాలా ఇళ్లలో పిల్లల దాకా వచ్చే ఫోను పెద్దవాళ్లు వాడి వదిలేసిన పాతదే కాబట్టి ఈ కోడ్ గురించి తల్లిదండ్రులకు చెప్పి తీరాలి.

లంక గ్రామాలకు దీక్షలో అసలు మేలు వేరే ఉంది. పాఠాన్ని సిగ్నల్ బాగున్న చోట దించుకుని తర్వాత నెట్ లేకుండా చూడొచ్చు. ఒక ఫోనులో దించిన దాన్ని మరో ఫోనుకు పంపుకోవచ్చు. ఏలూరు బజారుకు వచ్చినవాళ్లు వారానికి సరిపడా పాఠాలు నింపుకుని వెళ్తే ఇంటిదగ్గర ముగ్గురు పిల్లలు పంచుకోవచ్చు. లోటు కూడా ఉంది. అన్ని పాఠాల నాణ్యత ఒక్కలా లేదు. కొన్ని వీడియోల్లో పుస్తకంలోని వాక్యాలనే పైకి చదివి వదిలేశారు. అలాంటివి చూపించేకన్నా పుస్తకం చదివించడమే నయం.

ఆ పుస్తకాల విషయమూ చెప్పాలి. రాష్ట్రంలో 2020–21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా పుస్తకాలు వేస్తున్నారు. పాఠశాల విద్యాశాఖ వాటి పీడీఎఫ్‌లను ఉచితంగా పెట్టింది. ఇంగ్లీషు మీడియంలో చదివే బిడ్డకు తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లి ఎదురు పేజీ చూసి పాఠం చెప్పగలుగుతుంది. ఇంటి చదువుకు ఇంత సాయపడేది ఏ యాప్‌లోనూ కనబడదు. బోధన ఇంగ్లీషులోనా తెలుగులోనా అన్న వాదాలు ఎలా ఉన్నా ఈ ఎదురెదురు పేజీల ఏర్పాటు నిలవాలి.

టీవీలో పాఠం

2020 మేలో ప్రకటించిన పీఎం ఈ-విద్య కింద ఒకటి నుంచి పన్నెండో తరగతి వరకు తరగతికొక టీవీ చానల్ పెట్టారు. 2022 బడ్జెట్‌లో చానళ్లను 200కు పెంచుతామన్నారు, ప్రాంతీయ భాషల్లో పాఠాలకు దారి అలా ఏర్పడింది. నెలనెలా చందా లేని డీడీ ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో ఇవి నెట్ లేకుండానే వస్తాయి. తొమ్మిది నుంచి పైతరగతుల వారికి 2017 జులైలో మొదలైన స్వయం వేదిక ఉంది. దాని తోబుట్టువు స్వయం ప్రభ టీవీ చానళ్ల సముదాయం. వీటిలో హిందీ, ఇంగ్లీషు పాఠాలే ఎక్కువ.

తెలుగు చదవడం నేర్పేవి

చిన్న పిల్లలకు మొదట కావలసింది లెక్కలూ సైన్సూ కాదు, తడుముకోకుండా తెలుగు చదవగలగడం. ఈ పనికి ప్రథమ్ బుక్స్ వారి ఉచిత కథల సైటు స్టోరీవీవర్‌ను మించింది కనబడదు. 2015 సెప్టెంబరు 8న, అక్షరాస్యతా దినోత్సవం నాడు అది మొదలైంది. తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలు, నాలుగో స్థాయికి వచ్చేసరికి నిండు కథ. కథలను ఎవరైనా దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, వేరే భాషలోకి మార్చుకోవచ్చు. లైసెన్సే దానికి అనుమతిస్తుంది. తాడేపల్లిగూడెంలో ఏ జిరాక్సు షాపులోనైనా అచ్చు తీయించి కుట్టిన పుస్తకం, ఛార్జింగు అయిపోయిన ఫోనుకన్నా మేలు.

గూగుల్ 2020లో విడుదల చేసిన రీడ్ అలాంగ్‌లో మొదటి తొమ్మిది భాషల్లోనే తెలుగు ఉంది. పిల్లలు పైకి చదువుతుంటే ఫోను విని, తప్పిన చోట ఆపి, మళ్లీ చదివిస్తుంది. కథలను దించుకున్నాక నెట్ అక్కర్లేదు. పక్కన కూర్చుని వినే మనిషి లేని ఇంట్లో ఇది కొంతవరకు ఆ లోటు తీరుస్తుంది.

కాస్త పెద్ద పిల్లలకు తెలుగు వికీపీడియా ఉంది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టగా స్వచ్ఛంద రచయితలు పెంచారు. ఇప్పుడు లక్ష వ్యాసాలు దాటింది. ఊళ్ల మీద వ్యాసాలు చాలా ఉన్నాయి గనుక లంక పిల్లవాడు తన ఊరి పేరుతోనే వెతకడం మొదలుపెట్టొచ్చు. వివరం తప్పుగా ఉంటే ఊరి పెద్దలను అడిగి సరిదిద్దొచ్చు. ఆ సరిదిద్దడమే మంచి పాఠం. దాని పక్కనే వికీసోర్సులో పాత తెలుగు గ్రంథాలు ఉన్నాయి. అర్థం తెలియని మాటకు ఆంధ్రభారతి నిఘంటు శోధన ఉంది. బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటివన్నీ ఒక్కచోట వెతికి చూపిస్తుంది. ఉపాధ్యాయులకే దీని గురించి తెలియాల్సినంత తెలియదు.

సైన్సు, లెక్కలు, కంప్యూటరు

అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ ప్రయోగాలు ప్రయోగశాల లేని చోటి కోసమే చేసినట్టు ఉంటాయి. విద్యుత్ వలయం కలపడం, త్రాసులో తూచడం, భిన్నాలు పేర్చడం తెర మీద వేలితో చేయొచ్చు. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. దించుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. అరవింద్ గుప్తా ఇంకో దారి పట్టారు. పాత సీసాలు, స్ట్రాలు, అగ్గిపుల్లలు, సైకిలు ట్యూబు ముక్కలతో సైన్సు బొమ్మలు చేయించే ఆయన వెబ్‌సైటులో వందల వీడియోలు, ఉచిత పుస్తకాలు ఉన్నాయి. తెలుగు అనువాదాలూ ఉన్నాయి. 2018లో పద్మశ్రీ అందుకున్న ఈయన పద్ధతికి ఫోను కొంతసేపే చాలు, మిగతా పనంతా చేతులది. ఫోను ముందు గంటలు గడవడం ఇష్టపడని తల్లిదండ్రులకు దీన్నే ముందు చూపాలి.

ఖాన్ అకాడమీ లెక్కల పాఠాలు క్రమపద్ధతికి ప్రసిద్ధి. ఇంగ్లీషు అలవాటైన పట్టణ పిల్లలకు బాగా పనికొస్తాయి. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్ పాఠాలకు తెలుగు వ్యాఖ్యానం ఉంది.

కొల్లేరే పాఠం

ఈ ప్రాంతపు పిల్లలకు మాత్రమే దక్కే అవకాశం ఒకటుంది. ప్రపంచపు ఉచిత వనరుల్లో కొల్లేరు స్వయంగా ఒక విషయం. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో 2005–06లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెంచారు. ఈ చరిత్రను లంకల్లో ప్రతి ఇల్లూ ఒక్కో విధంగా చెబుతుంది. చెరువు పోయిన ఇంటి బాధ, పక్షుల కోసం పోరాడినవారి వాదన రెండూ నిజాలే. పిల్లలు వాటిని వినడంతోపాటు కళ్లతో చూడనూ వచ్చు.

అమెరికా ప్రభుత్వం లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను 2008లో అందరికీ ఉచితం చేసింది. వాటిని కూర్చి చేసిన గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఏడాది వెంట ఏడాదిగా ఏ చోటైనా ఎలా మారిందో కనిపిస్తుంది. ఆకివీడు, కైకలూరు మధ్యకు వెళ్లి చూస్తే పచ్చని పల్లంలో నలుచదరపు చెరువులు ఎలా పరుచుకున్నాయో కదులుతూ కనబడుతుంది. 2009లో ఇస్రో పెట్టిన భువన్ పటాల సైటులోనూ మన ఉపగ్రహాల చిత్రాలు ఉన్నాయి. చెరువు విస్తీర్ణం కొలవడం ఏడో తరగతి లెక్క, ఉప్పుటేరు ఎటు వంపు తిరిగిందో గీయడం భూగోళం, వరద నీరు ఎందుకు నిలిచిందో ఆలోచించడం సైన్సు. ఇంత సమగ్రమైన పాఠాన్ని ఏ కంపెనీ యాప్ తయారు చేసి ఇవ్వదు.

కైకలూరు పక్కన ఆటపాక దగ్గర గూడబాతులను చూసే పిల్లలకు కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రం వారి ఉచిత మెర్లిన్ యాప్ ఉంది. పిట్ట ఎంత ఉంది, ఏ రంగు, ఎక్కడ కూర్చుంది అని అడిగి పేర్లు సూచిస్తుంది. భారతదేశపు పక్షుల మూట ముందే దించుకుంటే పడవలో కూడా పనిచేస్తుంది. అది చెప్పిన పేరు పక్కన తాత చెప్పే పేరు నోటుబుక్కులో రాసుకుంటే, ఎక్కడా అచ్చుకాని పక్షి నిఘంటువు ఒకటి తయారవుతుంది.

ట్యాబులూ, లైసెన్సులూ

2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. మొత్తం ఐదు లక్షలకు పైగా. బైజూస్ కంపెనీ పాఠాలు వాటిలో ముందే నింపి ఇచ్చారు. నెట్ అవసరం లేకపోవడం లంకలకు నిజంగా మేలే. అయితే 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. కంపెనీ సొంత ఆస్తిగా ఉన్న పాఠానికి కొత్త సిలబస్ వస్తే మార్చేదెవరు? ట్యాబు పాడైతే పాఠాన్ని మరో ఫోనులోకి మార్చుకునే హక్కు ఎవరిది? స్టోరీవీవర్ కథకూ వికీపీడియా వ్యాసానికీ ఈ బెడద లేదు. వాటి లైసెన్సు ప్రకారం ఎవరైనా కాపీ తీసి పెట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. ప్రజాధనం ఖర్చుపెట్టే చోట పాఠాన్ని బహిరంగ లైసెన్సుతో ఇవ్వాలన్న షరతు ఉండి తీరాలి.

ఇంట్లో పడే ఖర్చు

పాఠం ఉచితమైనా ఫోను, డేటా, కరెంటు, పక్కన కూర్చునే మనిషి తీరిక ఉచితం కావు. చేపల పట్టుబడి ఉన్న రాత్రి ఫోను చెరువు గట్టు మీద ఉంటుంది. ఉల్లి మార్కెట్‌లో తెల్లవారుజామునే పని మొదలయ్యే తాడేపల్లిగూడెం ఇంట్లో అది అప్పటికే బయటికి వెళ్లిపోతుంది. గ్రామీణ భారతంలో జరిపిన అసర్ 2024 సర్వేలో 14–16 ఏళ్లవారిలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడడం వచ్చు. అంతకుముందు వారంలో దాన్ని చదువుకు వాడామన్నవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడామన్నవారు 76 శాతం. ఫోను ఇంటికి వచ్చినంత మాత్రాన పాఠం రాదని ఈ అంకెలు చెబుతున్నాయి.

పట్టణాల్లో చిక్కు వేరు. ఉచిత తరగతి అని ఫోను నంబరు తీసుకుని, ఆపైన పూటపూటా ఫోన్లు చేసి కోర్సు అంటగట్టే పద్ధతి ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. నంబరు అడగకుండా తెరుచుకునే వనరులు ఇన్ని ఉండగా, అడిగేవాటి జోలికి వెళ్లాల్సిన పని లేదు.

బడికి బయట ఉన్నవారు

చెరువుల కాపలాకు గట్ల మీదే మకాం పెట్టే కుటుంబాల పిల్లలు, మధ్యలో బడి మానేసినవారు చదువు పూర్తి చేయడానికి సార్వత్రిక విద్య దారి ఉంది. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో 14 ఏళ్లు నిండినవారు పదో తరగతికి చేరవచ్చు. తెలుగు మాధ్యమం ఉంది. రాష్ట్రానికి సొంత సార్వత్రిక విద్యాపీఠమూ ఉంది. ప్రవేశానికి, పరీక్షకు రుసుము కట్టాలి. జాతీయ సంస్థ పాఠ్యపుస్తకాలు మాత్రం నెట్‌లో ఉచితంగా పెట్టి ఉన్నాయి, చేరనివారూ చదువుకోవచ్చు. 14 ఏళ్లలోపు పిల్లలకైతే విద్యాహక్కు చట్టం ప్రకారం దగ్గర్లోని ప్రభుత్వ బడి ఏడాదిలో ఎప్పుడైనా చేర్చుకోవాలి, బదిలీ పత్రం లేదని తిప్పి పంపకూడదు. వలస వచ్చిన కుటుంబానికి ఏ యాప్ పేరుకన్నా ముందు చెప్పవలసిన సంగతి ఇదే.